రాయి మళ్లీ రాయి అయ్యేదాకా: సున్నంలో కనిపించే రసాయన చర్యలు

సంక్రాంతికి ఇంటికి వెల్ల వేసే రోజుల్లో పెరట్లో ఒక డ్రమ్ము తప్పకుండా కనిపించేది. బట్టీ నుంచి తెచ్చిన సున్నపు గడ్డలు అందులో వేసి, పైనుంచి బిందెడు నీళ్లు కుమ్మరించేవారు. కాసేపు ఏమీ జరగదు, గడ్డ నీళ్లు పీల్చుకుంటున్న సన్నటి చప్పుడు తప్ప. ఆ తర్వాత దాని మీద నెర్రెలు లేస్తాయి. నెర్రెల్లోంచి ఆవిరి చిమ్ముతుంది. చూస్తుండగానే డ్రమ్మంతా కుతకుత ఉడకడం మొదలవుతుంది. గడ్డ ఉబ్బి, పగిలి, పొడిపొడిగా రాలిపోతుంది. కింద పొయ్యి లేదు, పోసినవి చన్నీళ్లు. ఒకటి రెండు రోజులు అలా వదిలేస్తే అడుగున వెన్నముద్దలాంటి తెల్లటి సున్నం తేరుకుంటుంది.

ఆ వేడి ఎక్కడి నుంచి వచ్చింది? ఈ ఒక్క ప్రశ్నను వదలకుండా వెంటాడితే రసాయన చర్యలకు సంబంధించిన మూల విషయాలు దాదాపు అన్నీ తగులుతాయి. బడిలో ఈ పాఠం తరచుగా సమీకరణాలను తుల్యం చేయడంతో మొదలై అక్కడే ఆగిపోతుంది. ఎడమవైపు ఎన్ని పరమాణువులో కుడివైపూ అన్నే ఉండాలి. అంకెలు సరిపోతే మార్కులు పడతాయి. సమీకరణం అవసరమే. అది జమాఖర్చుల చిట్టా, ఏం పోయిందో ఏం వచ్చిందో పైసాతో సహా చెబుతుంది. కానీ ఆ చర్య అసలు జరుగుతుందా, జరిగితే వేడి పుడుతుందా పోతుందా, నిమిషం పడుతుందా నూరేళ్లు పడుతుందా, మధ్యలో వెనక్కి తిరుగుతుందా అన్న సంగతులు ఆ చిట్టాలో ఉండవు. చర్యను అర్థం చేసుకోవడమంటే ఆ సంగతులు తెలుసుకోవడమే. అందుకు సున్నం కన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం. తెలుగు నేలకు ఇది పరాయి సరుకూ కాదు. పల్నాడులోని పిడుగురాళ్లకు లైమ్ సిటీ అన్న పేరే ఉంది.

బట్టీలో పోయిన 44 కిలోలు

సున్నపురాయిలో చాలావరకు ఉండేది కాల్షియం కార్బొనేట్. ఒక కాల్షియం, ఒక కార్బన్, మూడు ఆక్సిజన్ పరమాణువుల కూర్పు. కోస్తాలో కాల్చే నత్తగుల్లల్లో, ఆల్చిప్పల్లో ఉన్నదీ ఇదే. అందుకే గుల్లసున్నమైనా రాతిసున్నమైనా రసాయనికంగా ఒకటే పదార్థం. బట్టీలో రాయినీ బొగ్గునూ పొరలు పొరలుగా వేసి కాలుస్తారు. వేడి సుమారు 900 డిగ్రీల సెల్సియస్‌కు చేరాక రాయి విడిపోతుంది:

కాల్షియం కార్బొనేట్ → కాల్షియం ఆక్సైడ్ + కార్బన్ డయాక్సైడ్

కాల్షియం పరమాణు భారం 40, కార్బన్‌ది 12, ఆక్సిజన్‌ది 16. మూడు ఆక్సిజన్లతో కలిపి కూడితే 100. ఇంత గుండ్రటి అంకె రసాయన లెక్కల్లో అరుదు. కాబట్టి నూరు కిలోల స్వచ్ఛమైన రాయిని పూర్తిగా కాలిస్తే 56 కిలోల కాల్షియం ఆక్సైడ్, అంటే పొడిసున్నం, మిగులుతుంది. 44 కిలోలు గాలిలో కలుస్తాయి. గడ్డ సైజు పెద్దగా తగ్గదు. అందుకే సరిగ్గా కాలిన గడ్డను ఎత్తి చూస్తే లోపలంతా గుల్లగా, అనుకున్నదానికన్నా చాలా తేలిగ్గా ఉంటుంది.

ఈ 44 కిలోల సంగతి 18వ శతాబ్దం మధ్యదాకా తెలియదు. పచ్చి రాయిని ముట్టుకుంటే ఏమీ కాదు, కాలిన సున్నం మాత్రం చర్మాన్ని తినేస్తుంది. బట్టీలోని అగ్ని అంశ ఏదో రాయిలోకి దూరి ఆ ఘాటు ఇచ్చిందని అప్పటి రసాయనవేత్తలు అనుకునేవారు. అప్పటికి తెలిసినదాన్నిబట్టి అది సబబైన ఊహే. స్కాట్లండ్‌లో వైద్యం చదువుకున్న జోసెఫ్ బ్లాక్ 1750లలో త్రాసు ముందు కూర్చుని ఆ ఊహను తలకిందులు చేశాడు. కాలిన రాయి బరువు పెరగడం లేదు, తగ్గుతోంది. లోపలికి ఏదీ రాలేదు. లోపల బందీగా ఉన్న ఒక వాయువు బయటికి పోయింది. 1756లో ఈ ప్రయోగాలు అచ్చయ్యాయి. ఆ వాయువే కార్బన్ డయాక్సైడ్.

కంటికి కనిపించని వాయువును సైతం తూకంలోకి తేవాలన్న ఈ పట్టుదలను పారిస్‌లో రసాయనవేత్త లావోయిజర్ చివరిదాకా తీసుకెళ్లాడు. చర్యకు ముందు ఎంత ద్రవ్యరాశి ఉందో తర్వాతా అంతే ఉంటుందని 1789లో ప్రచురించిన తన గ్రంథంలో స్పష్టంగా రాశాడు. అదే ద్రవ్యనిత్యత్వ నియమం. కాగితం కాలి బూడిదైతే బరువు తగ్గినట్టూ, ఇనుము తుప్పు పడితే పెరిగినట్టూ కనిపించడం గాలిని లెక్కలోకి తీసుకోకపోవడం వల్లే.

రెండు వాయిదాల్లో తిరిగొచ్చిన వేడి

రసాయన చర్యలో పరమాణువులు పుట్టవు, నశించవు. వాటి మధ్య బంధాలు మారతాయి. బంధం తెంచాలంటే శక్తి ఖర్చవుతుంది, కొత్త బంధం ఏర్పడితే శక్తి విడుదలవుతుంది. ఇక్కడ ఒక అపోహను గట్టిగా సరిదిద్దాలి. వంటగ్యాసు బంధాల్లో శక్తి దాగి ఉంటుందనీ, అవి తెగగానే బయటికి వస్తుందనీ చాలాచోట్ల రాస్తుంటారు. అది తిరగేసిన మాట. తెంచడం ఎప్పుడూ ఖర్చే. గ్యాసు మండినప్పుడు కొత్తగా తయారయ్యే కార్బన్ డయాక్సైడ్, నీటి అణువుల్లోని బంధాలు మరింత బలమైనవి. వాటి వల్ల వచ్చిన రాబడిలోంచి తెంచిన ఖర్చు తీసేస్తే మిగిలిందే మంట వేడి.

సున్నానికి ఈ లెక్క వేసి చూడాలి. వంద గ్రాముల సున్నపురాయిని విడగొట్టడానికి దాదాపు 178 కిలోజౌళ్ల వేడి లోపలికి వెళ్లాలి. ఇది ఉష్ణగ్రాహక చర్య. మిగిలిన 56 గ్రాముల పొడిసున్నానికి 18 గ్రాముల నీరు చేరితే 74 గ్రాముల కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే తడిసున్నం, వస్తుంది. ఈసారి దాదాపు 65 కిలోజౌళ్లు బయటికి వస్తాయి. ఇది ఉష్ణమోచక చర్య. కిలో పొడిసున్నానికి లెక్కగడితే, ఆ వేడిని బొట్టు వృథా కాకుండా పట్టుకోగలిగితే, 30 డిగ్రీల దగ్గరున్న నాలుగు లీటర్ల నీటిని మరిగే దాకా తీసుకురావచ్చు. డ్రమ్ములో ఉడుకుకు కారణం ఇదే.

మూడో మెట్టు గోడ మీద జరుగుతుంది. పూసిన తడిసున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుని, తనలోని నీటిని వదిలేసి, తిరిగి కాల్షియం కార్బొనేట్ అవుతుంది. బట్టీలోకి వెళ్లిన రాయి గోడ మీద మళ్లీ రాయిగా నిలబడుతుంది. ఈ మెట్టులో వెలువడే వేడి దాదాపు 113 కిలోజౌళ్లు. 65, 113 కూడితే 178. బట్టీలో పెట్టినదంతా తిరిగి వచ్చేసింది, కాకపోతే రెండు వాయిదాల్లో. మొదటిది డ్రమ్ములో నిమిషాల్లో వస్తుంది, రెండోది చేతికి తెలియనంత మెల్లగా ఏళ్ల తరబడి వస్తుంది. దారి ఏదైనా, ఎన్ని మెట్లున్నా, మొదలూ చివరా ఒకటే అయితే మొత్తం వేడి మారదని 1840లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో హెస్ అనే రసాయనవేత్త సూత్రీకరించాడు. చన్నీళ్లు ఎలా మరిగాయన్న ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. ఆ వేడి బట్టీలో బొగ్గు పెట్టిన పెట్టుబడిలో ఒక భాగం.

పాఠ్యపుస్తకాల వర్గీకరణలో మొదటి మెట్టు రసాయన వియోగం, రెండోది రసాయన సంయోగం. స్థానభ్రంశం, ద్వంద్వ వియోగం అని మరో రెండు రకాలున్నాయి. గోడ మీద జరిగే మూడో మెట్టు ఈ నాలుగు గదుల్లో దేంట్లోనూ చక్కగా ఇమడదు. ఆమ్ల స్వభావమున్న వాయువుకూ క్షారానికీ మధ్య తటస్థీకరణ అంటేనే దానికి న్యాయం జరుగుతుంది. చెరకురసం కాచేటప్పుడు సున్నం వేయడం వెనకా తటస్థీకరణే ఉంది, రసంలోని ఆమ్లాలు విరుగుతాయి. గుర్తుపెట్టుకోవడానికి ఈ పేర్లు పనికొస్తాయి కానీ, చర్య పేరు తెలిసిన విద్యార్థికి డ్రమ్ము ఎందుకు ఉడికిందో తెలిసినట్టు కాదు. ఇంకో మాట. తుప్పు, మంట, బ్యాటరీ వంటి చర్యల్లో ఎలక్ట్రాన్లు చేతులు మారతాయి. సున్నం మూడు మెట్లలోనూ కాల్షియం తన ఎలక్ట్రాన్ల లెక్కను మార్చుకోదు. చర్యలన్నీ ఎలక్ట్రాన్ల మార్పిడే అనుకోవడం పొరపాటు.

ఎటువైపు నడుస్తుంది?

రాయి విడిపోయి సున్నమవుతుంది. సున్నం కార్బన్ డయాక్సైడ్ తీసుకుని రాయవుతుంది. రెండూ జరిగేవే అయితే, ఎప్పుడు ఏది జరగాలన్నది ఎలా తేలుతుంది?

వేడి వదిలే చర్యలే వాటంతట అవి జరుగుతాయని చాలామంది అనుకుంటారు. అది సగం నిజం. రాయి విడిపోవడం వేడిని తీసుకునే చర్య, అయినా బట్టీలో ఆగకుండా నడుస్తుంది. కారణం, ఘనపదార్థంలో కదలకుండా ఇరుక్కున్న కార్బన్ డయాక్సైడ్ వాయువుగా మారి చెల్లాచెదురయ్యే అవకాశం పొందడం. ఈ చెదిరే ధోరణికి కొలత ఎంట్రోపీ. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ దాని పలుకుబడి పెరుగుతుంది. ప్రతి ఉష్ణోగ్రత దగ్గరా సున్నపురాయి మీద కార్బన్ డయాక్సైడ్‌కు ఒక నిర్దిష్ట పీడనం ఉంటుంది. ఆ పీడనం దగ్గర రాయి విడిపోయే వేగం, సున్నం రాయిగా మారే వేగం సమానమవుతాయి. పైకి అంతా నిలిచిపోయినట్టు ఉంటుంది, లోపల రెండు వైపులా రాకపోకలు సాగుతూనే ఉంటాయి. దీన్నే సమతాస్థితి అంటారు. గది ఉష్ణోగ్రతలో ఆ పీడనం లేనట్టే లెక్క, గాలిలో సుమారు 0.04 శాతమే ఉన్న కార్బన్ డయాక్సైడ్ సైతం దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి దారి రాయి వైపే. దాదాపు 900 డిగ్రీల దగ్గర అది వాతావరణ పీడనంతో సమానమవుతుంది, వాయువు తన్నుకుని బయటికి వస్తుంది. 900 అన్న అంకె వెనక ఉన్న సంగతి ఇదీ.

అయితే వేడి ఒక్కటే సరిపోదు. బట్టీలో గాలి ఆడకపోతే పుట్టిన కార్బన్ డయాక్సైడ్ అక్కడే పేరుకుంటుంది, చర్య మందగిస్తుంది. వాయువును ఎప్పటికప్పుడు పైకి లాగేసే దారి ఉంటేనే రాయి లోపలిదాకా కాలుతుంది. సమతాస్థితిలో ఉన్నదాన్ని కదిపితే, ఆ కదలికను తగ్గించే వైపుకే చర్య జరుగుతుందని 1884లో ఫ్రెంచి రసాయనవేత్త లే షాటెలియర్ చెప్పాడు. ఆయన సున్నం, సిమెంటు ఎలా గట్టిపడతాయో పరిశోధించిన మనిషి కావడం కాకతాళీయం అనిపించదు.

చర్యకు రెండు దిశలున్నాయన్న ఆలోచన పుట్టడంలోనూ సున్నపురాయికి పాత్ర ఉంది. 1798లో నెపోలియన్ వెంట ఈజిప్టుకు వెళ్లిన రసాయనవేత్త బెర్తోలే అక్కడి ఉప్పు సరస్సుల ఒడ్డున సోడియం కార్బొనేట్ పేరుకుని ఉండటం చూశాడు. ప్రయోగశాలలో సోడియం కార్బొనేట్‌ను కాల్షియం క్లోరైడ్‌తో కలిపితే సున్నపురాయీ ఉప్పూ వస్తాయి. సరస్సు దగ్గర జరుగుతున్నది సరిగ్గా దాని వ్యతిరేకం, ఉప్పూ సున్నపురాయీ కలిసి సోడియం కార్బొనేట్ ఇస్తున్నాయి. అంత విస్తారంగా ఉప్పు ఉన్నప్పుడు చర్య వెనక్కి నడవగలదని ఆయన గ్రహించాడు. చర్య ఫలితం పదార్థాల స్వభావం మీదే కాక వాటి మోతాదు మీదా ఆధారపడుతుందన్న మాట అక్కడి నుంచే బలపడింది.

ఇంట్లో చూడాలంటే పసుపు చాలు. పసుపు నీళ్లలో చిటికెడు సున్నం కలపగానే ఎర్రబారుతుంది. పారాణి ఎరుపు, దిష్టి తీసే ఎర్రనీళ్ల ఎరుపు ఇదే. పసుపులోని కర్క్యుమిన్ క్షారం తగలగానే రూపు మార్చుకుంటుంది. అదే ఎర్రనీళ్లలో నిమ్మరసం పిండుతూ పోతే ఒక దశలో మళ్లీ పచ్చబడుతుంది.

సున్నపుతేటతో ఇంకాస్త లోతుగా చూడవచ్చు. తడిసున్నాన్ని నీళ్లలో కలిపి కదపకుండా ఉంచితే పైన తేరే నీరే సున్నపుతేట. లీటరుకు రెండు గ్రాములకన్నా తక్కువే సున్నం అందులో కరిగి ఉంటుంది. గాజు గ్లాసులో పోసి, స్ట్రాతో మెల్లగా ఊదితే (పీల్చకూడదు, అది ఘాటైన క్షారం) కొద్దిసేపట్లో పాలనీళ్లలా తెల్లబడుతుంది. ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ సున్నంతో కలిసి సన్నటి సున్నపురాయి పొడి అయింది. గోడ మీద ఏళ్లు పట్టే మూడో మెట్టు ఇక్కడ కళ్లముందే జరిగింది. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ఆపకుండా ఊదుతూ పోతే ఆ తెలుపు క్రమంగా పలచబడుతుంది. మితిమీరిన కార్బన్ డయాక్సైడ్, నీరు కలిసి ఆ రాయిని కరిగే కాల్షియం బైకార్బొనేట్‌గా మార్చేస్తాయి. ఆ నీటిని మరిగిస్తే వాయువు లేచిపోయి తెలుపు మళ్లీ వస్తుంది. వేన్నీళ్లు కాచే గిన్నె అడుగున కట్టే తెల్లటి పొర చాలావరకు ఇదే.

అనంతగిరి కొండల్లోని బొర్రా గుహలు, నంద్యాల జిల్లాలోని బెలుం గుహలు ఈ రెండు దిశల చర్యకు నిలువెత్తు రుజువులు. మట్టిలోంచి ఇంకేటప్పుడు కార్బన్ డయాక్సైడ్‌ను నింపుకున్న వాన నీరు సున్నపురాయిని కరిగించి గుహలు తొలిచింది. గుహ కప్పు నుంచి చుక్క వేలాడినప్పుడు ఆ వాయువు గాలిలోకి జారిపోయి, పిసరంత రాయి చుక్క అంచున మిగిలింది. బొర్రాలో పైనుంచి దిగే, కింది నుంచి లేచే రాతి స్తంభాలన్నీ అలా మిగిలిన పిసర్లే.

ఎంతసేపు పడుతుంది?

దిశ తెలిసినంత మాత్రాన వేగం తెలియదు. ఈ రెండింటినీ కలిపేయడం వల్ల చాలా గందరగోళం పుడుతుంది. కాగితం ఆక్సిజన్‌తో కలిసి బూడిద కావాలి, దిశ ఎప్పుడూ అటే. అయినా పుస్తకం బీరువాలో యాభై ఏళ్లు ఉంటుంది. పాత బంధాలు సడలి కొత్తవి ఏర్పడే ముందు దాటాల్సిన శక్తి గట్టు ఒకటుంది, ఉత్తేజన శక్తి అంటారు. గది వేడిలో కాగితపు అణువులు దాన్ని దాటలేవు. అగ్గిపుల్ల ఇచ్చేది ఆ తొలి తోపు, మొదలయ్యాక మంట వేడే మిగతావాటిని దాటిస్తుంది. ఎండాకాలం ఇడ్లీ పిండి త్వరగా పులిసిపోవడం, ఫ్రిజ్‌లో పెడితే నెమ్మదించడం కూడా ఉష్ణోగ్రతకూ చర్యా వేగానికీ ఉన్న ఈ సంబంధమే, కాకపోతే అక్కడ ఎంజైములు ఉత్ప్రేరకాలుగా గట్టు ఎత్తునే తగ్గిస్తాయి.

సున్నపు గోడలో ఆటంకం వేరు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ తక్కువ. అది గోడ రంధ్రాల గుండా లోపలికి చేరాలి, చేరి నీటి పొరలో కరగాలి, కరిగాకే సున్నంతో కలుస్తుంది. అందుకే పూర్తిగా ఎండిన సున్నం గట్టిపడదు, మొదట్లో గోడను తడుపుతూ ఉండాలి. అలాగని నీళ్లతో నిండిపోతే వాయువుకు దారి ఉండదు. పైపొర రాయయ్యేకొద్దీ లోపలికి వెళ్లే దారి ఇరుకవుతుంది. 1591లో కట్టిన చార్మినార్ వంటి కట్టడాల మందపాటి గోడల్లో లోపలి సున్నం రాయిగా మారడానికి దశాబ్దాలు పట్టే పని. ఎద్దులు తిప్పే గానుగలో సున్నాన్ని, ఇసుకను గంటల కొద్దీ నూరి డంగు సున్నం చేయడం, అందులో బెల్లం నీళ్లు, కరక్కాయ కషాయం కలపడం పాత మేస్త్రీల పద్ధతి. రాతి చక్రం కింద నలిగినకొద్దీ రేణువు చిన్నదవుతుంది, గాలికీ నీటికీ అందే ఉపరితలం పెరుగుతుంది. చర్యా వేగం గురించిన ఈ సూత్రం పాఠ్యపుస్తకాలు రాకముందే మేస్త్రీల చేతుల్లో ఉంది.

బట్టీలో అతిగా కాలిన గడ్డ ఇంకా మంచి ఉదాహరణ. హద్దు మీరిన వేడికి దాని లోపలి రంధ్రాలు మూసుకుపోతాయి. పేరు అదే కాల్షియం ఆక్సైడ్, సమీకరణం అదే, వెలువడే వేడీ అంతే. కానీ నీళ్లు లోపలికి చొరబడలేవు కాబట్టి డ్రమ్ములో ఉలకదు పలకదు. గోడకు పూసిన వారాలకో నెలలకో తేమ చేరి అప్పుడు ఉబ్బుతుంది, చదునైన గోడ మీద పొక్కులు లేచి పెచ్చులు ఊడతాయి. తడిపిన సున్నాన్ని వాడే ముందు చాలా రోజులు మాగబెట్టడం ఆ మొండి గడ్డలకు గడువు ఇవ్వడానికే.

కంటి విషయం చెప్పకుండా వదిలేయకూడదు. సున్నం ఘాటైన క్షారం, పీహెచ్ 12 దాటుతుంది. కిళ్లీ సున్నం పొట్లం పిల్లల చేతిలో పగిలి కంట్లో పడితే నల్లగుడ్డు పైపొర క్షణాల్లో దెబ్బతింటుంది. సున్నం కణాలు రెప్ప కింద చిక్కుకుని క్షారాన్ని వదులుతూనే ఉంటాయి కాబట్టి నష్టం ఆగదు. వెంటనే ధారగా మంచినీళ్లతో కనీసం అరగంట కడుగుతూ ఉండాలి, ఆలస్యం లేకుండా కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. క్షారం కదా అని నిమ్మరసమో మరో ఆమ్లమో వేయడం ఘోరమైన తప్పు.

సిమెంటు దాకా వచ్చాక

పల్నాడు, సూర్యాపేట, నంద్యాల, కడప జిల్లాల సున్నపురాయిలో పెద్ద వాటా ఇప్పుడు సిమెంటు ఫ్యాక్టరీలకు పోతోంది. సుమారు 1450 డిగ్రీల కొలిమిలో మట్టితో కలిసి క్లింకర్ (పొడి చేస్తే సిమెంటయ్యే గడ్డలు) అయ్యే ముందు ఆ రాయి కూడా అదే మొదటి మెట్టు ఎక్కాలి, నూరుకు 44 వదలాలి. సిమెంటు తయారీలో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో సగానికి పైగా ఇంధనం నుంచి కాక రాయి నుంచే వస్తుంది. బొగ్గు మానేసి కొలిమిని సౌరవిద్యుత్తుతో నడిపినా ఆ భాగం తగ్గదు. పరమాణువుల లెక్కకు రాయితీలు లేవు. పర్యావరణ చర్చల్లో ఈ తేడాను విడమరచి చెప్పకపోవడం పెద్ద లోటు.

కాంక్రీటు కూడా వదిలిన దాంట్లో కొంత తిరిగి పీల్చుకుంటుంది. కానీ ఇక్కడ ఆ మూడో మెట్టు మేలుతో పాటు కీడూ తెస్తుంది. కాంక్రీటులోని సున్నపు క్షార గుణం లోపలి ఇనుప ఊచల మీద ఒక సన్నటి రక్షణ పొరను నిలబెడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏటికేడు లోపలికి చేరి ఆ సున్నాన్ని రాయిగా మారుస్తూ పోతే క్షార గుణం పడిపోతుంది. ఊచ దగ్గరికి చేరిన రోజున రక్షణ పొర పోతుంది, తేమ తగిలి తుప్పు మొదలవుతుంది. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి స్లాబు పెచ్చులు రాలతాయి. పాత భవనాలను పరీక్షించే ఇంజనీర్లు కాంక్రీటును కొంచెం పగలగొట్టి, ఆ తాజా ముఖం మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లుతారు. క్షారం మిగిలిన చోట గులాబీ రంగు విచ్చుకుంటుంది, పసుపు నీళ్లు ఎర్రబడినట్టే. అంచు నుంచి రంగు రాని మేర ఎన్ని మిల్లీమీటర్లుందో స్కేలు పెట్టి కొలుస్తారు. అంతమేర సున్నం మళ్లీ రాయి అయిపోయిందని లెక్క.